లష్కరు బోనాలు: ఒక దండు ఊరి ఆషాఢ చరిత్ర

మన పంచాంగ గణనలో జ్యేష్ఠాషాఢములు గ్రీష్మ ఋతువు. కనుక ఆషాఢము వేసవికి తుదినెల. అయితే తెలంగాణమున ఈ నెల వచ్చునప్పటికి మృగశిర కార్తె దాటి ఆరుద్ర వానలు పడియుండును. ఎండ తీవ్రత తగ్గును గాని వాతావరణము ఇంకను స్థిరపడదు. పగలు ఉక్క, సాయంకాలము గాలివాన. నాగళ్లు పొలములకు కదలును. పెండ్లి ముహూర్తములు ఆగిపోవును. క్రొత్త కోడండ్రు పుట్టిండ్లకు పోవుదురు. వేసవికిని వానకాలమునకును నడుమనున్న ఈ సంధిలోనే హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరములలో బోనాల పండుగ జరుగును. గోలకొండ కోటలోని జగదంబిక సన్నిధిని ఆరంభమై, పిమ్మట సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడికి వచ్చి, ఆ తరువాత పాతనగరమున లాల్ దర్వాజా సింహవాహినీ ఆలయమునకు చేరుచు, ఈ ఉత్సవము నెలపొడుగునను సాగును.

ఈ పండుగ వర్ణనలను శ్రోతలు పలుమారులు వినియే యుందురు. కావున నేడు మేము దాని చరిత్రను మాత్రమే తడవదలచినాము. అందులోను జంటనగరములన్నిటికి చెందిన కథను గాక, సికింద్రాబాదు కథను మాత్రమే చెప్పుదుము. ప్రజలు నేటికిని ‘లష్కరు’ అని పిలుచు ఈ ఊరిలో ఆషాఢపు పండుగ ఏ భయము నుండి పుట్టినది, ఆ భయమునకు ఆ ఊరివారు ఏయే ఉపాయములు వెదకుకొన్నారు, వానిలో ఏవి నిలిచినవి అను విషయము విచారింపదగినది. ఏలయన ఆ భయము పూర్తిగా తీరినదని మనము నేటికిని చెప్పజాలము.

సికింద్రాబాదు పురాతన నగరము కాదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున 1562 ప్రాంతమున హుస్సేన్ షా వలీ ఆధ్వర్యమున హుస్సేన్ సాగరము నిర్మింపబడినది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదు నగరమునకు పునాది వేసెను. అప్పటికి చెరువునకు ఉత్తరమునను ఈశాన్యమునను ఉన్నవి చిన్న పల్లెలు, బీడు భూములు, రాతి గుట్టలు మాత్రమే. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసికొనెను. ఆ సంధి ననుసరించి కంపెనీ దళములు ఈ బీడు నేలపై గుడారములు వేసినవి. నిజాం తరువాత గద్దె నెక్కిన సికందర్ జా పేర 1806లో ఆ దండు విడిసిన చోటునకు సికింద్రాబాదు అను నామమేర్పడెను. లష్కరు అనగా పారసీక భాషలో సైన్యము, సైన్యము విడిసిన తావు. రాజు పేరు కాగితములకు ఎక్కినది. దండు పేరు జనుల నాలుకపై నిలిచినది.

సైన్యము ఒంటరిగా నడువదు. వెయ్యిమంది సిపాయిలున్నచోట వారికి కావలసిన పని చేయువారు అంతకు మించి యుందురు. ధాన్యపు వర్తకులు, చాకలివారు, దర్జీలు, వంటవారు, గుఱ్ఱములకు గడ్డి కోయువారు, నీళ్లు మోయువారు, రోగులను గాయపడినవారిని డోలీలలో మోయువారు వెంట వచ్చిరి. ఈ దళములు మద్రాసు సైన్యమునకు చెందినవి గనుక తెలుగు జిల్లాలవారితోపాటు తమిళులును పెక్కుమంది వచ్చి స్థిరపడిరి. మరాఠీ, ఉర్దూ, కన్నడము మాటలాడువారు చేరిరి. క్రమముగా జనరల్ బజారు, మోండా, మారేడుపల్లి, బోయినపల్లి, తిరుమలగిరి వంటి పేటలు పెరిగినవి. 1874లో వాడి నుండి రైలు వచ్చిన పిమ్మట ఆ వృద్ధి మరింత వేగమందుకొనెను.

ఇట్టి ఊరిలో ఒక లోటు ఉండును. తెలంగాణపు ప్రతి పల్లెకును ఒక పోచమ్మ, ఒక ఎల్లమ్మ, ఒక మైసమ్మ, ఒక ముత్యాలమ్మ కలదు. ఊరు పుట్టిననాడే బొడ్రాయితోపాటు అమ్మవారిని నిలుపుట ఆచారము. రోగము వచ్చినను, వాన రాకున్నను ఊరంతయు ఒక గుడి ముందు నిలుచును. దండు వెంట వచ్చినవారు తమ తమ అమ్మవార్లను స్వగ్రామములలో విడిచి వచ్చినవారు. వారి భాషలు వేరు, కులములు వేరు, పుట్టిన నేలలు వేరు. అందరును కలిసి మొక్కదగిన దేవత ఆ క్రొత్త బజారులో ఇంకను లేదు. ఆ లోటు ఎట్లు తీరినదో చెప్పునదే సురిటి అప్పయ్య కథ.

ఆలయ సంప్రదాయము చెప్పు కథ యిది. 1813లో జంటనగరములలో మహమ్మారి చెలరేగి వేలకొలది జనులు మరణించిరి. అప్పుడు సికింద్రాబాదు దళమొకటి ఉజ్జయినిలో విడిసియుండెను. అందు డోలీ మోయు పనిలోనున్న సురిటి అప్పయ్య తన వారితో గూడి ఉజ్జయినీ మహంకాళి గుడికి పోయి, ఆ వ్యాధి అణగి తన ఊరివారు బ్రతికిరేని సికింద్రాబాదులో అమ్మవారిని ప్రతిష్ఠింతునని మ్రొక్కుకొనెను. వ్యాధి శాంతించెను. 1815లో తిరిగివచ్చి అతడు కొయ్యతో చేసిన మహంకాళి మూర్తిని నిలిపెను. 1864లో ఆ కొయ్య మూర్తికి బదులుగా రాతి విగ్రహము ప్రతిష్ఠింపబడెను. అక్కడి బావిని త్రవ్వునపుడు దొరకిన మాణిక్యాలమ్మ మూర్తియు అమ్మవారి ప్రక్కన చేరెను.

చరిత్రకారుని దృష్టితో ఈ కథను పరిశీలించినచో కొన్ని ముఖ్యాంశములు పైకి వచ్చును. మొదటిది వ్యాధి పేరు. కొందరు దీనిని ప్లేగు అందురు. ప్లేగు 1896లో బొంబాయిని తాకి అక్కడినుండి దేశమంతట వ్యాపించి, ఆ తరమువారి మనసులలో మహమ్మారికి మారుపేరుగా నిలిచినది. పాత కథలకు క్రొత్త పేరు అంటుకొనుట లోకమున సహజమే. తెలంగాణపు ఇండ్లలో గత్తర అనియు, గ్రంథములలో విషూచి అనియు చెప్పు కలరా యే ఇచ్చటి సందర్భమునకు ఎక్కువ పొసగును. అది ఒక ఊరిలో ప్రవేశించిన కొలది దినములలోనే వీధులను ఖాళీ చేయగల వ్యాధి.

రెండవది కాలము. కలరా తొలి ప్రపంచవ్యాప్తి 1817లో వంగదేశమందలి జెస్సోరులో మొదలైనట్లు వైద్య చరిత్రకారులు చెప్పుదురు. ఆ సంవత్సరాంతమున గవర్నర్ జనరల్ హేస్టింగ్సు వెంటనున్న సైన్యమున అది ప్రళయము చేసెను. 1818లో దక్కనునకు దిగెను. అదే 1817 డిసెంబరు 21న ఉజ్జయినికి చేరువనున్న మహీద్‌పూర్ వద్ద హోల్కరు సైన్యముతో కంపెనీవారు యుద్ధము చేసిరి. అందు మద్రాసు దళములును, హైదరాబాదు నుండి పోయిన రస్సెల్ దళమును పాల్గొనెను. హైదరాబాదు సిపాయిలు ఉజ్జయిని పరిసరములలో ఉండుట, గత్తర దేశమును ముంచెత్తుట అను రెండును ఒకేసారి కలిసివచ్చిన సమయమిది. ఆలయము చెప్పు తేదీలు దీనికి నాలుగేండ్లు ముందు. అయినను 1817కు పూర్వము మనదేశమున గత్తర లేకపోలేదు. 1781లో గంజాము వద్ద కంపెనీ దళమొకటి ఈ వ్యాధితో అల్లాడినది. కాబట్టి ఆలయపు తేదీలను త్రోసివేయ బనిలేదు. దండుల రాకపోకలును గత్తర రాకపోకలును ఒకే దారిన నడిచినవను పెద్ద సత్యమును మాత్రము ఈ కథ భద్రముగా దాచియుంచినది.

మూడవ అంశము కథానాయకుని వృత్తి. ఆలయముల స్థలపురాణములలో సాధారణముగా రాజులు, మంత్రులు, మునులు కనిపింతురు. ఇచ్చట కనిపించువాడు డోలీ బోయ. సైన్యమున గత్తర వచ్చినపుడు రోగిని ఎత్తి ఆసుపత్రి గుడారమునకు చేర్చువాడు అతడే. ఆ వ్యాధి ఏమి చేయునో అతనికి తెలిసినంత దగ్గరగా దొరలకు తెలియదు. తన ఊరిలో తనవారు ఏమైనారో తెలియని దూరదేశమున నిలిచి అతడు మ్రొక్కిన మ్రొక్కు ఒక ఊరికి పండుగయైనది.

ఇక ఈ పండుగ ఆషాఢముననే ఏల? దీనికి భక్తులు చెప్పు కారణము మధురమైనది. ఆషాఢమున ఆడపడుచు పుట్టింటికి వచ్చినట్లే అమ్మవారును పుట్టింటికి వచ్చునని వారి నమ్మకము. బిడ్డ వచ్చినపుడు తల్లి వండి పెట్టినట్లు ఊరి స్త్రీలందరు అన్నము వండి తెత్తురు. భోజనము అను మాటయే బోనము అయినది. పోతరాజు అమ్మవారికి తమ్ముడు. అక్కకు తోడుగా ఒడలంత పసుపు పూసికొని, కాళ్లకు గజ్జెలు కట్టి, చేత కొరడా పట్టి ముందు నడుచును.

దీనికి తోడు ప్రకృతి సిద్ధమైన మరియొక కారణమును గలదు. పూర్వము పేటలలో త్రాగునీరు బావులనుండియు, కుంటలనుండియు వచ్చెడిది. వేసవి తుదకు బావులు అడుగంటును. వీధులలో, పెంటలపై, పశువుల కొట్టముల చుట్టును ఎనిమిది నెలల మాలిన్యము పేరుకొని యుండును. తొలకరి వాన ఒక్కసారి కురియగానే ఆ మాలిన్యమంతయు కొట్టుకొనివచ్చి అడుగంటిన నీటిలో కలియును. గత్తర మలముతో కలుషితమైన నీటిద్వారా వ్యాపించు వ్యాధి. అందుచేత తొలకరి వెంటనే వాంతులు, భేదులు బయలుదేరుట ప్రతి సంవత్సరము జనులకు అనుభవమే. కారణము వారికి తెలియకపోయినను కాలము వారికి బాగుగా తెలిసియుండెను. శత్రువు ఏ నెలలో వచ్చునో ఎరిగి, ఆ నెలలోనే అమ్మను పిలిచికొనిరి.

పండుగ పద్ధతులను ఈ వెలుగున చూచినచో ప్రతిదానికి ఒక సామూహిక ప్రయోజనము కనిపించును. పండుగకు ముందు దినములలో అమ్మవారి ఘటము ఊరేగింపుగా బయలుదేరి పేటలలో తిరుగును. దానికి ఎదురేగి పసుపునీళ్లు, వేపాకులతో సాక పోయుట ఆచారము. ఘటము వచ్చునని తెలిసిన ఇల్లాలు వాకిలి ఊడ్చి కలాపి చల్లి ముగ్గు పెట్టును. మూలనున్న ఇల్లును ఆ దినము ఊరి లెక్కలోనికి వచ్చును. బోనము నాడు స్త్రీలు క్రొత్త కుండలోగాని, ఇత్తడి పాత్రలోగాని పాలు, బెల్లము చేర్చి అన్నము వండుదురు. కుండకు సున్నము, పసుపు, కుంకుమ అలంకరించి, వేపమండలు కట్టి, పైన దీపము వెలిగించి తలపై నెత్తుకొని గుడికి నడుతురు. రంగు కాగితములతో, వెదురుబద్దలతో చేసిన తొట్టెలను సమర్పింతురు. మరునాటి ఉదయము రంగము. పచ్చికుండపై నిలిచిన స్త్రీ అమ్మవారి పలుకుగా రాబోవు సంవత్సరపు వానలు, పంటలు, రోగములను గూర్చి పలుకును. తరువాత ఫలహారపు బండ్లు, పోతరాజుల వీరంగము, తుదకు ఘటముతో సాగనంపు.

వేప, పసుపులను చూచి ఇది యంతయు మన పూర్వుల క్రిమినాశక శాస్త్రమని చెప్పువారు కలరు. ఆ మాట అంత నిర్ధారణగా చెప్పరాదు. వేపమండ కట్టిన కుండ వలన బావినీటిలోని గత్తర క్రిమి చావదు. పైగా వ్యాధి యున్న దినములలో వేలమంది ఒకచోట చేరుట హానికరము కూడ కావచ్చును. పండుగ చేసిన మేలు వేరొక విధమైనది. మహమ్మారి వచ్చినపుడు మనుష్యుడు మొదట చేయు పని తలుపు మూసికొనుట, పొరుగువానిని అనుమానించుట, ఊరు విడిచి పారిపోవుట. ఏటేట ఘటమునకు ఎదురేగిన వీధి, ఒకే గుడి ముందు వరుసలో నిలిచిన ఇండ్లు, అట్టి సమయమున ఒకరి నొకరు విడనాడుట కొంత కష్టము. భాష తెలియని పొరుగువాడు కూడ ఈ ఊరివాడే యను భావమును దండు బజారునకు ఇచ్చినది ఈ ఆషాఢమే. గ్రామదేవతల కొలువు శ్రమజీవుల చేతులలోనిది. బోనమెత్తుట స్త్రీల హక్కు. ఈ రెండును ఆ భావమునకు బలమిచ్చినవి.

ఇదే భయమునకు దండులో దొరలు వెదకిన ఉపాయము వేరు. 1857 తిరుగుబాటు తరువాత ఇంగ్లాండులో ఫ్లారెన్సు నైటింగేలు పట్టుదలవలన భారతదేశపు సైన్యారోగ్యమును విచారించుటకు ఒక రాజ సంఘము ఏర్పడి, 1863లో నివేదిక సమర్పించెను. మనదేశమున బ్రిటిషు సిపాయిలలో ఏటేట వెయ్యికి 69 మంది మరణించుచున్నారనియు, అందు అధికభాగము యుద్ధమువలన గాక జ్వరము, రక్తగ్రహణి, గత్తరల వలననే యనియు అది తేల్చెను. మరుసటి యేడు 1864లో బ్రిటిషిండియాలో కంటోన్మెంటుల చట్టము వచ్చినది. మురుగు కాలువలు, మంచినీరు, బజారు శుభ్రత మొదలైన విషయములకు నియమములు ఏర్పడినవి. ఆ యేటనే మహంకాళి గుడిలో కొయ్య మూర్తి స్థానమున రాతి విగ్రహము నిలిచెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఒకే సంవత్సరమున ఒకే మహమ్మారికి రెండు సమాధానములు స్థిరపడినవి. ఒకటి కాగితముపై, ఒకటి రాతిలో.

అయితే ఆ చట్టముల మేలు అందరికి సమముగా అందలేదు. తిరుమలగిరిలో దొరల సిపాయిలకు విశాలమైన బారకులు, గాలివెలుతురులు గల ఆసుపత్రి ఏర్పడినవి. బజారు వీధులను శుభ్రపరచుట ముఖ్యముగా బజారు నుండి రోగము బారకులకు ప్రాకకుండుటకే. బజారువాడు బ్రతుకుట అను ప్రశ్న చాలకాలము రెండవ వరుసలోనే నిలిచినది. కాబట్టి అతడు మున్సిపల్ అధికారి కంటె మహంకాళినే ఎక్కువ నమ్మెననిన ఆశ్చర్యము లేదు.

ఇంతలో వైద్యశాస్త్రము ముందుకు నడిచెను. 1854లో లండనులో జాన్ స్నో ఒక వీధి పంపునీటికిని కలరా మరణములకును గల సంబంధమును చూపెను. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో తన పరిశోధన ముగించి కలరా క్రిమిని నిర్ధారించెను. సికింద్రాబాదునకును ఈ చరిత్రలో చోటు దొరకినది. రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు బేగంపేటలో చిన్న ప్రయోగశాలలో కూర్చుండి దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరిశీలించుచుండెను. హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగి దోమలచేత కుట్టించుకొనుటకు అంగీకరించెను. అతనికి దోమ ఒక్కింటికి ఒక అణా ప్రతిఫలము. 1897 ఆగస్టు 20న రాస్ ఆ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో అతనికి నోబెల్ బహుమానము వచ్చినది. నేటికిని ఆగస్టు 20ని ప్రపంచమంతట దోమల దినముగా పాటించుచున్నారు. రాస్ పేరు గ్రంథములకు ఎక్కినది. అణాలకు తన రక్తమిచ్చిన హుస్సేన్ ఖానును కూడ సురిటి అప్పయ్య వరుసలో మనము స్మరింపవలెను. ఇద్దరును ఊరి రోగమును తమ భుజముపైకి ఎత్తుకొన్నవారే.

ఇరువదవ శతాబ్దారంభమున కష్టములు వరుసగా వచ్చినవి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టన పెట్టుకొనెను. లాల్ దర్వాజా అమ్మవారి ఉత్సవము ఆ వరదతో ముడిపడియున్నట్లు అక్కడి సంప్రదాయము. 1911లో ప్లేగు నగరమును తాకెను. 1912లో ఆరాయిష్ బల్దా అనబడు నగరాభివృద్ధి సంస్థ వెలసి, ఇరుకు పేటలను విప్పి వీధులను, ఇండ్లను కట్టింపసాగెను. మోక్షగుండము విశ్వేశ్వరయ్య సూచనల ఫలితముగా 1920లో ఉస్మాన్ సాగరు, పిమ్మట 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టిన జలాశయములే నగరమునకు త్రాగునీరైనవి. రోగులను వేరుచేసి యుంచు ఆసుపత్రికి ఇంగ్లీషు పేరును జనులు తమ నోటికి తగినట్లు ‘కోరంటి’ అని మార్చుకొనిరి. నల్లకుంటలోని జ్వరముల ఆసుపత్రిని పాతవారు ‘కోరంటి దవాఖాన’ అనియే పిలుతురు. విచిత్రమేమన, ఆ దవాఖానకు రొనాల్డ్ రాస్ పేరే పెట్టియున్నారు.

పండుగలోపలి నుండియు సంస్కరణ వచ్చినది. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మ దళితుల చదువు కొఱకు, ఆత్మగౌరవము కొఱకు పాటుపడుచు, దేవతల పేర జరుగు జంతుబలిని, జోగినీ దురాచారమును ఖండించెను. వ్యాధి పోవుటకు బలికంటె శుభ్రత, విద్య అవసరమను బోధ ఆనాటి పేటలలో సాహసమే. 1950లో ఆలయములలో జంతు పక్షి బలులను నిషేధించు చట్టము వచ్చెను. నేడు లష్కరు గుడిలో గుమ్మడికాయ కొట్టుట చూచువారికి ఆ మార్పు వెనుకనున్న వాదములు తోచకపోవచ్చును. ఆచారము మారదని పలుకువారికి ఈ గుమ్మడికాయయే సమాధానము.

ఊరి పరిపాలనయు పలుమారులు మారినది. 1945లో సికింద్రాబాదు పౌర ప్రాంతములు బ్రిటిషువారి నుండి నిజాం ప్రభుత్వమునకు తిరిగి వచ్చినవి. 1950లో సికింద్రాబాదునకు ప్రత్యేక నగరపాలక సంస్థ ఏర్పడెను. 1960లో అది హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసిపోయెను. 2007లో చుట్టుపట్ల పట్టణములతో కలిపి మహానగరపాలక సంస్థ వెలసినది. కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డుగాను, జేమ్సు వీధి మహాత్మాగాంధీ రోడ్డుగాను మారెను. దండు ప్రక్కనున్న బజారు మహానగరములో ఒక పేటయైనది. అయినను ఆషాఢమున ఆ ఆదివారము వచ్చినచో ‘లష్కరు బోనాలు’ అనియే అందురు. 2014లో తెలంగాణ ప్రభుత్వము బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించినది. ఒక డోలీ బోయ మ్రొక్కు రాజ్యపు లాంఛనమునకు చేరుటకు రెండు వందల యేండ్లు పట్టినది.

ఇన్ని మార్పులు జరిగినను మొదట చెప్పిన భయము సంపూర్ణముగా పోయినదా? రెండు సంఘటనలు దీనికి జవాబు చెప్పును. 2009 మే నెలలో, అనగా వేసవిలోనే, సికింద్రాబాదునకు కూతవేటు దూరమునగల భోలక్‌పూరులో త్రాగునీటి గొట్టములో మురుగు కలిసి పలువురు మరణించిరి. ఎందరో ఆసుపత్రుల పాలైరి. పరీక్షలలో బయటపడినది కలరా క్రిమియే. జాన్ స్నో పంపును చూపి నూటయేబది యేండ్లు దాటినది. 1965 నుండి మంజీర, 2004 నుండి కృష్ణ, 2015 నుండి గోదావరి జలములు ఈ నగరమునకు దూరమునుండి వచ్చుచున్నవి. నది ఎంత దూరమునుండి వచ్చినను, ఇంటి ముందరి గొట్టము పగిలి మురుగు కాలువలో పడియున్నచో గత్తరకు దారి తెరచినట్లే. ఆ గొట్టము సాధారణముగా పగులునది బీదల పేటలలోనే.

రెండవది 2020. కోవిడ్ మహమ్మారి వచ్చిన ఆ యేడు సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిని పూర్తిగా ఆ రోగులకే కేటాయించిరి. ఆషాఢము వచ్చినది. గుడిలో పూజారులు మాత్రమే పూజలు జరిపిరి. జనులు ఇండ్లలోనే బోనము వండి, ఇంటిలోని పటము ముందే సమర్పించిరి. మహమ్మారిని పోగొట్టుమని కోరుటకు పుట్టిన పండుగను ఆ మహమ్మారి కారణముననే వీధి నుండి ఇంటికి మార్చవలసివచ్చెను. చాలమంది మనసున ఇది బాధ కలిగించినది. అయినను, ఆచారమునందలి ప్రాణమును గ్రహించినవారు దానిని లోపముగా తలపలేదు. పొరుగువాడు క్షేమముగా నుండవలెనని అప్పయ్య మ్రొక్కెను. పొరుగువానికి కీడు కలుగకుండ ఇంట నుండుట ఆ మ్రొక్కును చెల్లించుటలో ఒక విధమే.

లష్కరు ఆషాఢ చరిత్రలో రెండు ధారలు ప్రక్కప్రక్కగా ప్రవహించినవి. ఒకటి జనుల విశ్వాసము, మరియొకటి ప్రజారోగ్య శాస్త్రము. మొదటిది వేర్వేరు నేలలనుండి వచ్చినవారిని ఒక ఊరిగా కూర్చినది. రెండవది నీటిని, మురుగును, దోమను గూర్చి నిజము చెప్పినది. విశ్వాసముతో క్రిమి చావదు. శాస్త్రము ఎంత చెప్పినను, వీధివారందరు ఒకటిగా నిలువనిచో కాలువ శుభ్రపడదు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరములలో ఉప్పు, చక్కెర కలిపిన నీటితో వేలమంది కలరా రోగులను బ్రతికించిన వైద్యులు నేర్పినది ఇదియే. మందు సులభము. దానిని సమయమునకు రోగి నోటికందించు మనుష్యుడే ముఖ్యము.

పండుగనాడు మహంకాళి గుడి పరిసరములలో మంచినీటి పందిళ్లు వేయువారు, ముసలివారిని వరుసలో ముందుకు పంపువారు, ప్రథమ చికిత్స శిబిరములలో నిలుచువారు, ఊరేగింపు పోయిన వెంటనే వీధులూడ్చు పారిశుద్ధ్య కార్మికులు కనిపింతురు. వారిని మనము ఉత్సవమునకు అంగముగానే చూడవలెను. బోనమెత్తిన ఇల్లాలికిని, తెల్లవారకముందే చీపురు పట్టిన కార్మికురాలికిని ఈ ఊరి చరిత్రలో ఒకే పంక్తి. రంగము నాడు జనులు అమ్మవారిని వానలు బాగుగా పడునా, రోగములు రాకుండునా యని అడుగుదురు. ఆ ప్రశ్నలో సగమునకు జవాబు మన వీధి నీటి గొట్టములోను, మురుగు కాలువలోను కలదు. వచ్చు ఆషాఢమునకు ముందే, తొలకరి పడకముందే, ఇంటిల్లిపాదియు వాకిలి దాటి వీధివరకు చూచుకొన్నచో ఆ సగమును మనమే చెప్పుకొనగలము. మిగిలిన సగము అమ్మవారికి విడిచిపెట్టవచ్చును.